పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు: వెండి నానోకణాలు, అయానిక్ లిక్విడ్లు, పేటెంట్ పరీక్ష

కాకినాడ, భీమవరం, అమలాపురం, నరసాపురం వైపు నుంచి ఈ మధ్య ఒకే తరహా ఉత్తరాలు వస్తున్నాయి. అయానిక్ లిక్విడ్‌లో లోహ నానోకణాలు తయారుచేసి, సూక్ష్మజీవులను చంపే పదార్థంగా పేటెంట్‌కు వెళ్లాలని చాలామంది చూస్తున్నారు. అయానిక్ లిక్విడ్ అంటే 100 డిగ్రీల సెల్సియస్ లోపే కరిగే లవణం. అడిగిన ప్రశ్నలే మళ్లీ మళ్లీ వస్తున్నందున కొన్నింటిని ఎంచి, ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాం.

హెక్సాడెసిల్ మిథైల్ ఇమిడజోలియం అయానిక్ లిక్విడ్‌తో వెండి నానోకణాలు చేశాను. ఈ.కోలై, స్టెఫైలోకాకస్ బాక్టీరియా రెండూ చస్తున్నాయి. కానీ "వెండి తెలిసిందే, ఇమిడజోలియం తెలిసిందే, రెండూ కలిపితే పేటెంట్ ఎందుకిస్తారు?" అంటున్నారు మా గైడు గారు. నిజంగా ఇవ్వరాండి?
– పరిశోధక విద్యార్థిని, కాకినాడ

మీ గైడు గారు వేసిన ప్రశ్నే పేటెంట్ కార్యాలయంలో దరఖాస్తును పరిశీలించే పరీక్షాధికారి కూడా వేస్తారు. దానికి అంకెల్లో జవాబు ఉంటే పేటెంట్ వస్తుంది, లేకపోతే రాదు.

ముందుగా 1970 నాటి పేటెంట్ల చట్టంలో సెక్షన్ 3(డి) కింద ఉన్న వివరణ చదవండి. తెలిసిన పదార్థపు లవణాలు, ఈస్టర్లు, కణ పరిమాణం మార్చిన రూపాలు, కాంప్లెక్సులు, కాంబినేషన్లు వగైరా అన్నీ ఆ పాత పదార్థం కిందే లెక్క, ప్రభావంలో గణనీయమైన తేడా చూపిస్తే తప్ప. అయానిక్ లిక్విడ్ ఒక లవణం. నానోకణం అంటే పరిమాణం తగ్గించిన లోహం. మీది ఆ రెండింటి కాంబినేషన్. అంటే ఒకే వివరణ మీకు మూడుచోట్ల తగులుతోంది. దీని వెనకే సెక్షన్ 3(ఇ) వస్తుంది. వట్టిగా కలిపితే వచ్చిన మిశ్రమం, అందులోని భాగాల గుణాలు పక్కపక్కన చేరడం తప్ప మరేమీ లేనిది, ఆవిష్కరణ కాదు. మీ దరఖాస్తు మీద మొదటి పరీక్ష నివేదికలో (పరీక్షాధికారి అభ్యంతరాలు రాసి పంపే పత్రంలో) ఈ రెండు సెక్షన్లూ ఉంటాయనే అనుకుని మొదటి రోజు నుంచే ప్రయోగాలు పెట్టుకోండి.

వీటికి జవాబు చెప్పే ప్రయోగం ఒకటుంది. నాలుగు గొట్టాలు పెట్టాలి: ఏమీ కలపనిది, అయానిక్ లిక్విడ్ ఒక్కటే, నానోకణాలు ఒక్కటే, రెండూ కలిసినది. నాలుగో గొట్టంలో ఉన్న మోతాదులే రెండో, మూడో గొట్టాల్లోనూ విడివిడిగా ఉండాలి. చాలా దరఖాస్తులు ఇక్కడే దెబ్బతింటున్నాయి. మిశ్రమంలో 20 మైక్రోగ్రాముల వెండి పెట్టి, ఒంటరి వెండి గొట్టంలో 5 మైక్రోగ్రాములే పెడితే ఆ పోలికతో ఏదీ రుజువు కాదు. అగర్ ప్లేటు మీద జోన్ (బాక్టీరియా పెరగని వలయం) కొలతలు మాత్రమే ఇవ్వడం ఇంకో లోపం. పెద్ద కణాలు, గట్టిగా అంటుకునే కాటయాన్లు (ధనావేశ అయాన్లు) అగర్‌లో సరిగా పాకవు. కనుక జోన్ వెడల్పు చంపే శక్తిని చెప్పదు, పాకే శక్తిని చెబుతుంది.

ఇంకా బలమైన రుజువు కావాలంటే చెకర్‌బోర్డ్ పద్ధతి పెట్టండి. 96 గుంటల ప్లేటులో ఒక దిశలో అయానిక్ లిక్విడ్‌ను, ఇంకో దిశలో వెండిని సగం సగం చేస్తూ పలచన చేయాలి. మిల్లీలీటరుకు 5 లక్షల బాక్టీరియా వేసి 35 డిగ్రీల్లో 16 నుంచి 20 గంటలు ఉంచాలి. లెక్క ఎలా ఉంటుందో ఊహా అంకెలతో చూద్దాం. అయానిక్ లిక్విడ్ ఒంటరిగా మిల్లీలీటరుకు 16 మైక్రోగ్రాముల దగ్గర, వెండి ఒంటరిగా 8 దగ్గర పెరుగుదలను ఆపాయనుకోండి. కలిపినప్పుడు 4, 2 చాలితే 4ను 16తో, 2ను 8తో భాగించి కూడండి: 0.25 + 0.25 = 0.5. ఈ సూచీ 0.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే సినర్జీ (కలిస్తే వట్టి కూడికను మించి పనిచేయడం) అంటారు. 8, 4 కావాల్సి వస్తే సూచీ 1 అవుతుంది. అది వట్టి కూడిక, అంటే 3(ఇ)లో చెప్పినదే. సగం సగం పలచన చేసే పద్ధతిలో ఒక మెట్టు అటూ ఇటూ పోవడం మామూలే కాబట్టి సరిగ్గా 0.5 వచ్చిందని సంబరపడి ఆపేయకండి. వేర్వేరు రోజుల్లో కనీసం మూడుసార్లు చేసి మూడు ఫలితాలూ రాయండి. కణాల వల్ల ద్రవం రంగుగా, మబ్బుగా ఉంటుంది గనుక కంటితో చూసి "పెరగలేదు" అని తేల్చకూడదు. ప్రతి గుంట నుంచీ కొంచెం తీసి అగర్ మీద పరిచి లెక్కపెట్టండి.

ఇక ఆవిష్కరణలో కొత్త మెట్టు (రంగం తెలిసినవారికి ఇట్టే తట్టని అంశం) సంగతి, అంటే సెక్షన్ 2(1)(జేఏ). పరీక్షాధికారి మీ ముందు పెట్టే పాత పత్రం బహుశా ఇమిడజోలియం గురించి అయ్యుండదు, సీటీఏబీ (సెటైల్ ట్రైమిథైల్ అమ్మోనియం బ్రోమైడు) గురించి అయ్యుంటుంది. సీటీఏబీలోనూ 16 కార్బన్ల గొలుసే ఉంది, అదీ కాటయానే, నానోకణాలను పట్టి ఉంచడానికి ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు, బాక్టీరియాను అదీ చంపుతుంది. "సీటీఏబీ తీసేసి అదే గొలుసున్న ఇమిడజోలియం పెట్టారు, ఈ రంగం తెలిసినవారెవరైనా చేస్తారు" అని రాస్తారు. అందుకని ఐదో గొట్టంగా సీటీఏబీతో చేసిన వెండి కణాలను, అదే మోలార్ మోతాదులో పెట్టండి. మీది దానికన్నా ఎందులో మెరుగో చూపండి: తక్కువ మోతాదా, నెలల తరబడి కణాలు ముద్దకట్టకపోవడమా, ఉప్పునీటిలో నిలవడమా. మెరుగు ఏమీ కనబడకపోతే దరఖాస్తు డబ్బు మిగుల్చుకుని ఇంకో అయానిక్ లిక్విడ్ వెతకడమే మంచిది. పేరు కూడా మిమ్మల్ని కాపాడదు. పలచని నీటి ద్రావణంలో అది వట్టి కాటయానిక్ సర్ఫాక్టెంట్ (ధనావేశమున్న సబ్బులాంటి పదార్థం). "అయానిక్ లిక్విడ్" అన్న మాట ఒక్కటే కొత్తదనం తెచ్చిపెట్టదు.

గాయాలకు మందుగా అడుగుతున్నట్లయితే మరో సంగతి. 2013లో నోవార్టిస్ కేసులో సుప్రీంకోర్టు, మందుల విషయంలో 3(డి)లోని ప్రభావం అంటే చికిత్సాప్రభావమేనని తేల్చింది. గాజు గొట్టంలో బాక్టీరియా చచ్చిందన్న ఒక్క పట్టిక అక్కడ చాలడం కష్టం. గోడలకు, తొట్లకు, బట్టకు పూసే పదార్థంగా అడిగితే, దాని పనే సూక్ష్మజీవులను చంపడం కనుక కొలవాల్సిందీ అదే. మీ దగ్గరున్న సమాచారం రెండో దారికి సరిపోతుంది.

వెండి నైట్రేట్ ద్రావణంలో అయానిక్ లిక్విడ్ పోయగానే తెల్లగా విరిగిపోతోంది. కొన్నిసార్లు పసుపు రంగు వచ్చి గంటలో బూడిద రంగుకు తిరుగుతోంది. మా కాలేజీ ల్యాబులో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లేదు. ఇవి దరఖాస్తులో రాయాలా?
– రసాయనశాస్త్ర లెక్చరర్, అమలాపురం

తెల్లగా విరగడానికి కారణం మీ అయానిక్ లిక్విడ్‌లోని క్లోరైడు. వెండి క్లోరైడు ద్రావణీయతా లబ్ధం 1.8 × 10⁻¹⁰. వెండి, క్లోరైడు ఒక్కొక్కటీ లీటరుకు 0.25 మిల్లీమోల్ ఉన్నా వాటి లబ్ధం 6.25 × 10⁻⁸ అవుతుంది, అంటే హద్దుకు 300 రెట్లకు పైనే. విరగక తప్పదు. బ్రోమైడు లవణమైతే ఇంకా అధ్వానం. ఆ తెల్లని పొడి వెలుతురుకు నల్లబడుతుంది, దాన్నే "నానోకణాలు ఏర్పడ్డాయి" అని పొరబడేవాళ్లున్నారు.

దారి ఇది. ముందు కణాలు చేయండి, తర్వాత అయానిక్ లిక్విడ్‌కు వెళ్లండి. 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 17 మిల్లీగ్రాముల వెండి నైట్రేట్ వేస్తే 1 మిల్లీమోలార్. ఇంకో 100 మిల్లీలీటర్లలో 7.6 మిల్లీగ్రాముల సోడియం బోరోహైడ్రైడ్ వేస్తే 2 మిల్లీమోలార్. బోరోహైడ్రైడ్‌ను అప్పటికప్పుడే కలుపుకోవాలి, నిలవుంటే నీటితోనే చర్య జరిపి చచ్చుబడుతుంది. అందులో 30 మిల్లీలీటర్లు ఐసు మీద పెట్టి, తిప్పుతూ, 10 మిల్లీలీటర్ల వెండి ద్రావణాన్ని చుక్కచుక్కగా వేయండి. లేత పసుపు వస్తుంది. స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 400 నానోమీటర్లకు దగ్గరగా శిఖరం కనబడాలి. వెండి అంతా వేశాక తిప్పడం ఆపేయండి. తిప్పుతూనే ఉంటే ముద్దకడుతుంది. ఇందులో వెండి లీటరుకు సుమారు 27 మిల్లీగ్రాములు.

పసుపు బూడిదగా మారడానికి కారణం వేరు. బోరోహైడ్రైడ్‌తో చేసిన కణాల మీద రుణావేశం ఉంటుంది. మీ ఇమిడజోలియం ధనావేశం. దాన్ని కొద్దికొద్దిగా కణాల్లో పోస్తుంటే ఒకచోట రెండు ఆవేశాలూ సరిసమానమై, కణాలకు ఒకదాన్నొకటి తోసుకునే శక్తి పోయి ముద్దకడతాయి. తిరగేసి చేయండి: అయానిక్ లిక్విడ్ ఎక్కువగా ఉన్న ద్రావణాన్ని తిప్పుతూ దానిలోకి కణాలను పోయండి. కణం చుట్టూ రెండు పొరలు కట్టి ధనావేశంతో నిలబడుతుంది. జీటా పొటెన్షియల్ (కణం ఉపరితలపు ఆవేశాన్ని సూచించే కొలత) రుణం నుంచి ధనానికి మారి 30 మిల్లీవోల్టులకు అటూ ఇటూగా వస్తే మంచి గుర్తు. క్లోరైడుకు బదులు నైట్రేట్ లేదా ఎసిటేట్ లవణం వాడితే నిలవ ఉన్నప్పుడు కణం పైన మెల్లగా వెండి క్లోరైడు ఏర్పడే బెడద కూడా ఉండదు. సీసా ముదురు గోధుమ రంగుదై ఉండాలి.

ఇవన్నీ రాయాలా అంటే, తప్పకుండా రాయాలి. సెక్షన్ 10(4) ప్రకారం ఆవిష్కరణను పూర్తిగా వివరించాలి, మీకు తెలిసిన అత్యుత్తమ పద్ధతిని చెప్పాలి. దేనిలోకి దేన్ని పోయాలన్న వరుసే మీ పద్ధతి ప్రాణం అయినప్పుడు, దాన్ని దాచుకుంటే చదివినవాడికి బూడిద రంగే వస్తుంది, ఆ కారణంతోనే పేటెంట్ పోతుంది. పైగా ఆ వరుస వల్ల కణాలు ఆరు నెలలు నిలిచాయని చూపగలిగితే అదే మీ కొత్త మెట్టు కావచ్చు. క్లోరైడు లవణంతో విఫలమైన ప్రయోగాన్ని పోలిక ఉదాహరణగా పెట్టండి. విఫలమైనది చూపడం బలహీనత అనుకుంటారు చాలామంది. పరీక్షాధికారికి మీ ఎంపిక అందరికీ తట్టేది కాదని చెప్పే సాక్ష్యం అదే.

మైక్రోస్కోపు చిత్రాలు కాకినాడలోనో విశాఖపట్నంలోనో విశ్వవిద్యాలయ ల్యాబుల్లో రుసుము కట్టి తీయించుకోవచ్చు. ఒక జాగ్రత్త: టెమ్‌లో (ఒక రకం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) కనబడేది లోహపు కేంద్రం మాత్రమే. డీఎల్ఎస్ (కాంతి చెదిరే తీరును బట్టి పరిమాణం చెప్పే పద్ధతి) కొలిచేది దాని చుట్టూ ఉన్న పొరను, నీటిని కలుపుకుని. ఒకే నమూనా ఒకదానిలో 12 నానోమీటర్లు, ఇంకోదానిలో 40 చూపించినా ఆశ్చర్యం లేదు. క్లెయిములో (దేని మీద హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యంలో) "10–20 నానోమీటర్ల కణాలు" అని రాసి ఏ పద్ధతితో కొలిచారో రాయకపోతే అస్పష్టత అన్న అభ్యంతరం ఖాయం.

ఇంకొక మాట, బాక్టీరియా పరీక్ష గురించి. నిర్ణీత సమయం తర్వాత నమూనా తీసి ప్లేటు మీద పరిచినప్పుడు, దానితోపాటు వెండి, ఇమిడజోలియం కూడా ప్లేటు మీదికి వెళ్లి అక్కడా చంపుతూనే ఉంటాయి. ఫలితం ఉన్నదానికన్నా గొప్పగా కనబడుతుంది. అందుకే పరిచేముందు న్యూట్రలైజర్ కలపాలి: వెండికి సోడియం థయోగ్లైకొలేట్, కాటయానిక్ పదార్థాలకు లెసిథిన్, ట్వీన్ 80. డే–ఎంగ్లీ బ్రాత్‌లో ఇవన్నీ ఉంటాయి. ఆ న్యూట్రలైజర్ తానుగా బాక్టీరియాను చంపడం లేదని విడిగా చూపిన పట్టిక కూడా జతచేయండి. అది లేని "99.99 శాతం" అంకెను ప్రత్యర్థి ఎవరైనా మంజూరుకు ముందు అభ్యంతరంలో ఒక్క ప్రశ్నతో పడగొట్టగలడు.

వనామీ చెరువుల్లో విబ్రియో బాక్టీరియాను తగ్గించడానికి వెండి నానో మందు చేశామండి. చుట్టుపక్కల రైతులకి కొంచెం ఇచ్చి చూశాం, కొందరి దగ్గర డబ్బు కూడా తీసుకున్నాం. "రొయ్యలకు వ్యాధి తగ్గించే పద్ధతి" అని పేటెంట్ తీసుకోవచ్చాండి?
– ఆక్వా మందుల వ్యాపారి, భీమవరం

ఆ పేరుతో రాదండి. సెక్షన్ 3(ఐ) ప్రకారం మనుషులకు చేసే చికిత్సా పద్ధతులకు, అలాగే జంతువులను వ్యాధి లేకుండా చేసే లేదా వాటి విలువ పెంచే పద్ధతులకు పేటెంట్ లేదు. రొయ్య కూడా జంతువే. అడగాలంటే పదార్థాన్ని, దాని తయారీ పద్ధతిని అడగాలి.

కానీ అంతకుముందే అడ్డొచ్చే సంగతి డబ్బు తీసుకోవడం. దరఖాస్తుకు ముందు బహిరంగంగా వాడితే కొత్తదనం పోతుంది. సెక్షన్ 32లో ఒక చిన్న మినహాయింపు ఉంది: దరఖాస్తుకు ముందు ఏడాది లోపల, సహేతుకమైన పరీక్ష కోసమే, ఆ ఆవిష్కరణ స్వభావాన్ని బట్టి నలుగురిలో చేయక తప్పనిదైతే, ఆవిష్కర్తే గానీ ఆయన సమ్మతితో గానీ చేస్తే అది కొత్తదనాన్ని పోగొట్టదు. చెరువులో పరీక్ష చెరువులోనే చేయాలి గనుక ఉచితంగా ఇచ్చినవాటికి వాదన ఉంది. బిల్లు రాసి అమ్మినదాన్ని పరీక్ష అని నిలబెట్టడం చాలా కష్టం. ఏ తేదీన ఎవరికి ఎంత ఇచ్చారో, ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారో మొత్తం కాగితం మీద పెట్టుకుని పేటెంట్ ఏజెంటును కలవండి. కొత్త అమ్మకాలు ఇప్పుడే ఆపండి.

మీ పదార్థం చెరువులో పనిచేస్తుందా అన్నది కూడా చూసుకోవాలి. ఉప్పుదనం 10 పీపీటీ (వెయ్యి భాగాల్లో 10) ఉన్న నీటిలో లీటరుకు సుమారు 5.5 గ్రాముల క్లోరైడు ఉంటుంది. కణాల నుంచి విడుదలైన వెండి అయాన్లలో దాదాపు అన్నీ దానికి చిక్కి, స్వేచ్ఛగా మిగిలేది లీటరుకు మైక్రోగ్రాములో చిన్న భాగమే. మంచినీటి ల్యాబులో వచ్చిన ఫలితం ఉప్పుచెరువులో రాకపోవడానికి ఇదే ముఖ్య కారణం. అడుగు బురద, ప్లాంక్టన్ పట్టుకునేది అదనం. మోతాదు లెక్క చూడండి: ఎకరం చెరువు, మీటరు లోతు నీరు అంటే సుమారు 40 లక్షల లీటర్లు. లీటరుకు 1 మిల్లీగ్రాము వెండి వేయాలంటే ఎకరానికి 4 కిలోల వెండి కావాలి. ఏ రైతు పెడతాడు? పరీక్షాధికారి కూడా ఈ లెక్క వేయగలరు. "చెరువులో వాడటానికి" అని రాసి మంచినీటి ఫలితాలే చూపితే, వివరణ చాలదంటారు.

బీకేసీ (బెంజాల్కోనియం క్లోరైడు) మీ షాపులోనే ఉంటుంది. అదీ క్వాటర్నరీ అమ్మోనియం లవణమే, కాటయానిక్ కుటుంబమే. మీ అయానిక్ లిక్విడ్‌ను పోల్చాల్సింది దానితోనే. పొడవాటి గొలుసున్న ఇమిడజోలియం లవణాలు నాచుకు, నీటిలోని చిన్న జీవులకు విషం, వెండి సంగతీ అంతే. జంతు, వృక్ష జీవితానికీ పర్యావరణానికీ తీవ్రహాని చేసే ఆవిష్కరణలు సెక్షన్ 3(బి) కింద పడతాయి. కాలువల ద్వారా చెరువు నీరు చివరికి ఎక్కడికి చేరుతుందో గోదావరి డెల్టావాళ్లకు చెప్పనక్కర్లేదు. మా సలహా సూటిగా చెబుతాం: నీటిలో పోసే మందు ఆలోచన వదిలేయండి. అదే పదార్థాన్ని హేచరీ తొట్ల లోపలి పూతగానో, గొట్టాల్లో జిగురు పేరుకోకుండా ఉండే పొరగానో మలచండి. పూత నుంచి నీటిలోకి రోజుకు ఎంత వెండి వస్తోందో కొలిచి ఆ అంకె రాయండి. పేటెంట్ వచ్చినా అది అమ్ముకోవడానికి అనుమతి కాదు. తీరప్రాంత ఆక్వాలో వాడే పదార్థాల నియంత్రణ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీది. అక్కడి నియమాలు వేరుగా చూసుకోవాలి.

కొబ్బరి పీచు మ్యాట్లకు బూజు పట్టకుండా అయానిక్ లిక్విడ్–లోహ నానోకణాల పూత చేశాం. "ఏ అయానిక్ లిక్విడ్ అయినా, ఏ లోహమైనా" అని క్లెయిము రాస్తే పోటీదారులెవరూ చొరబడలేరు కదా?
– పీచు పరిశ్రమ నిర్వాహకులు, అంబాజీపేట

చొరబడలేకపోవడం అటుంచి, మీకే మంజూరు కాదు. వెండితో ఒక్క ఉదాహరణ చేసి రాగి, జింక్, బంగారం అన్నీ అడిగితే, సెక్షన్ 10(5) ప్రకారం క్లెయిములు వివరణలో చూపినదాని మీద నిలబడాలన్న అభ్యంతరం వస్తుంది. రాగి నానోకణం గాలికే ఆక్సైడవుతుంది. దాని పద్ధతి వెండి పద్ధతి కాదు. కనీసం రెండు లోహాలు, గొలుసు పొడవులో మూడు రకాలు (12, 14, 16 కార్బన్లు) చేసి చూపితే ఆ మేరకు వెడల్పుగా అడగొచ్చు. మొదటి క్లెయిములో లోహం, కాటయాన్, అనయాన్ (లవణంలోని రుణావేశ అయాన్), లోహానికీ అయానిక్ లిక్విడ్‌కీ బరువు నిష్పత్తి, కణ పరిమాణం, కొలిచిన పద్ధతి ఉండాలి. దాని కింద ఒక్కో మెట్టూ ఇరుకవుతూ వెళ్లే క్లెయిములు పెట్టుకుంటే, పైది పడిపోయినా కిందది నిలుస్తుంది. దాఖలు చేశాక కొత్త విషయం చేర్చడానికి సెక్షన్ 59 ఒప్పుకోదు. ఇరుకు చేసుకోవచ్చు గానీ వెడల్పు చేసుకోలేరు. ఆ ఇరుకు మెట్లు మొదటే కాగితం మీద లేకపోతే తర్వాత దిగడానికి మెట్టే ఉండదు.

టెట్రాఫ్లోరోబోరేట్, హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ అనయాన్లు పీచుకు వద్దు. తేమ, వేడి తగిలితే అవి జలవిశ్లేషణ చెంది హైడ్రోజన్ ఫ్లోరైడ్ వస్తుంది. వర్షాకాలంలో గుమ్మం దగ్గర తడిసే మ్యాటు కదా.

మీ సమస్య బూజు. అంటే శిలీంధ్రం. ఈ.కోలై మీద పరీక్ష పెట్టి "సూక్ష్మజీవి నాశిని" అని అడిగితే బూజుకు ఆధారమేదని అడుగుతారు. ఆస్పర్‌జిల్లస్ నైజర్ లాంటి బూజు మీద పరీక్ష పెట్టించండి. బట్టల మీద బాక్టీరియాకు ఐఎస్ఓ 20743, ప్లాస్టిక్ లాంటి నున్నని ఉపరితలాలకు ఐఎస్ఓ 22196 ఉన్నాయి. గరుకైన, నీరు పీల్చే పీచుకు రెండోది పెట్టకండి. పూతను ఉతికాక, తుడిచాక మళ్లీ కొలిచిన ఫలితం కూడా కావాలి. పీచులోని లిగ్నిన్, ఫినాలిక్ పదార్థాలు వెండి అయాన్లను తామే కొంత క్షయకరణం చేస్తాయి కాబట్టి, పూత లేని పీచును వట్టి వెండి నైట్రేట్‌లో ముంచిన నమూనా కూడా పోలికగా ఉండాలి. అది కూడా మీ పూతంత బాగా పనిచేస్తే అయానిక్ లిక్విడ్ ఎందుకన్న ప్రశ్నకు జవాబు లేదు.

ఇదే పూత నరసాపురం లేసుకి వేయొచ్చా? – నరసాపురం నుంచి ఒక పాఠకురాలు

వేయొచ్చు గానీ, వెండి నానోకణాల పసుపు–గోధుమ రంగు తెల్ల నూలు మీద కనబడుతుంది. పీచు మీద దాగినట్టు దాగదు. తెల్ల లేసుకైతే జింక్ ఆక్సైడు వైపు చూడండి, అది రంగు తేదు.

కోరింగ మడ చెట్ల ఆకుల రసంతో వెండి కణాలు చేస్తున్నాం. ఇది "గ్రీన్" పద్ధతి కాబట్టి పేటెంట్ తేలికా?
– పీజీ విద్యార్థి, కాకినాడ

తేలిక కాదు, పని పెరుగుతుంది. కోరింగ అభయారణ్యంలో ఆకు కోయాలంటే ముందు అటవీశాఖ అనుమతి ఉండాలి. భారతదేశపు జీవవనరు వాడారు గనుక దరఖాస్తులోని ఫారం 1లో దాన్ని ప్రకటించాలి, అది ఎక్కడిదో వివరణలో రాయాలి. జీవవైవిధ్య చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం, మన దేశపు దరఖాస్తుదారులు పేటెంట్ మంజూరుకు ముందు జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదు చేసుకోవాలి. ఆ చెట్టుకు ఇప్పటికే వైద్యపు వాడుక ఉంటే సెక్షన్ 3(పి), సంప్రదాయ జ్ఞానం అన్న అభ్యంతరం కూడా వస్తుంది.

శాస్త్రపరంగా అసలు చిక్కు ఇంకోటి. ఆకు రసం ఎండాకాలంలో ఒకలా, వానాకాలంలో ఒకలా ఉంటుంది. "10 గ్రాముల ఆకు, 100 మిల్లీలీటర్ల నీరు, 80 డిగ్రీలు" అని రాస్తే చదివినవాడు అదే కణాన్ని చేయగలడన్న హామీ లేదు. రసంలో మొత్తం ఫినాలిక్ పదార్థం మిల్లీలీటరుకు ఎంతుండాలో చెప్పండి. పైగా ఆకు రసంతో వెండి కణాలన్నది ఇప్పటికే లెక్కలేనన్ని చెట్లతో చేసినదే. చెట్టు మార్చడం కొత్త మెట్టు కాదు. మీది నిలవాలంటే రసం, అయానిక్ లిక్విడ్ కలిసినప్పుడు విడివిడిగా రానిదేదో రావాలి.

సదస్సులో పేపర్ చదివేశాం, జర్నల్‌లోనూ పంపాం. ఇప్పుడు దరఖాస్తు పెట్టొచ్చా? ఎంతవుతుంది? – రాజమహేంద్రవరం

జర్నల్‌లో అచ్చయ్యేలోపు తాత్కాలిక దరఖాస్తు పెట్టేయండి, ఇవాళే. సెక్షన్ 31 కింద 12 నెలల వెసులుబాటు ఉన్నది విద్వత్ సంఘం ముందు ఆవిష్కర్త చదివిన పత్రానికి, ఆ సంఘపు కార్యకలాపాల సంచికలో ఆయన సమ్మతితో అచ్చయినదానికి, ప్రభుత్వం ప్రకటించిన ప్రదర్శనలకు. మామూలు జర్నల్‌కు అది వర్తిస్తుందని అనుకోవద్దు. సదస్సు ఏర్పాటు చేసినది అలాంటి సంఘమే అయితే 2024లో వచ్చిన ఫారం 31తో ఆ వెసులుబాటు కోరవచ్చు. థీసిస్ లైబ్రరీకి చేరినా అది ప్రచురణే.

తాత్కాలిక దరఖాస్తు పెట్టిన 12 నెలల్లో పూర్తి వివరణ ఇవ్వాలి. ఆ ఏడాది పోలిక ప్రయోగాలకు సరిపోయేలా ప్రణాళిక వేసుకోండి. ఆన్‌లైన్‌లో దాఖలు రుసుము వ్యక్తులకు, అంకురసంస్థలకు, చిన్న సంస్థలకు, విద్యాసంస్థలకు రూ.1,600. 30 పేజీలు, 10 క్లెయిములు దాటితే అదనం. పరీక్ష కోరే ఫారం 18కి రూ.4,000. మన రాష్ట్రం చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తుంది. పత్రాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలి. విచారణ సాధారణంగా వీడియో ద్వారానే జరుగుతుంది గనుక చెన్నై ప్రయాణం ఖర్చు ఉండకపోవచ్చు.

పెట్టేముందు పేటెంట్ల డేటాబేసులైన ఇన్‌పాస్, ఎస్పాస్‌నెట్, పేటెంట్‌స్కోప్‌లలో వెతకండి. పదాలతోనే కాదు, వర్గీకరణ సంకేతాలతోనూ: లోహాలతో జీవనాశినులకు ఏ01ఎన్ 59/16, ఇమిడజోల్ వలయాలకు ఏ01ఎన్ 43/50, క్వాటర్నరీ అమ్మోనియంకు ఏ01ఎన్ 33/12, నానోకు బి82వై. "అయానిక్ లిక్విడ్" అన్న మాటే వాడని పాత పత్రాలు ఈ సంకేతాలతోనే దొరుకుతాయి. పరీక్షాధికారి వెతికేదీ ఇలాగే.

ఫారం 18 ఎప్పటిలోగా? మొదటి పరీక్ష నివేదిక వచ్చాక ఏం చేయాలి? – తణుకు

2024 మార్చి 15 నుంచి పెట్టిన దరఖాస్తులకు గడువు 31 నెలలు, అంతకుముందువాటికి 48. లెక్క మొదటి దరఖాస్తు తేదీ నుంచి. దరఖాస్తుదారులంతా వ్యక్తులై వారిలో ఒక మహిళ ఉన్నా, అంకురసంస్థ అయినా ఫారం 18ఏతో త్వరిత పరీక్ష అడగొచ్చు. రుసుము రూ.8,000. మొదటి ఉత్తరం రాసిన కాకినాడ విద్యార్థినికి కూడా ఇది పనికొస్తుంది.

నివేదిక వచ్చాక జవాబుకు 6 నెలలు. జవాబు ఇవ్వకపోతే దరఖాస్తు వదిలేసినట్టే లెక్క. ఫారం 4తో మరో 3 నెలలు అడగవచ్చు, అయితే 6 నెలలు నిండకముందే అడగడం మంచిది. బాక్టీరియా ప్రయోగం మళ్లీ చేయడానికి, కణాల నిలవ పరీక్షకు నెలలు పడతాయి గనుక నివేదిక తెరిచిన వారంలోనే ఏ అభ్యంతరానికి ఏ ప్రయోగం కావాలో విడదీసుకోండి. 3(డి), 3(ఇ)లకు వాదనతో కాక పట్టికతో జవాబివ్వాలి. "మా మిశ్రమం సినర్జీ చూపుతుంది" అని పది వాక్యాలు రాసేకన్నా, పూర్తి వివరణలో ఫలానా పేజీ ఫలానా పట్టిక అని చూపడం మేలు. దాఖలు తర్వాత చేసిన ప్రయోగాలను ప్రమాణపత్రంతో ఇవ్వొచ్చు గానీ, అవి వివరణలో అప్పటికే చెప్పినదాన్ని బలపరిచేలా ఉండాలి. అక్కడ ఒక్క మాట కూడా లేని గుణాన్ని కొత్తగా తెచ్చి పెడితే లెక్కలోకి తీసుకోవడం కష్టం. అభ్యంతరానికో పాత పత్రం ఉంటుంది. ప్రతి పత్రంలో ఏ లోహం, ఏ కాటయాన్, ఏ మోతాదు, ఏ జీవి అన్నది వరుసల్లో రాసి, పక్కన మీది పెట్టి, తేడా ఉన్న గడి కింద గీత గీయండి. ఆ గీతలు గీసిన గడుల్లో ఉన్నవే సవరించిన మొదటి క్లెయిములోకి రావాలి.